ఈల వినపడని రివ్యూ

శుక్రవారం ఉదయం పదకొండూ నలభై. సాయంత్రం ఐదింటికి ప్రవళిక పేరు దొంగగా ఊరందరి ఫోన్లలోకి ఎక్కబోతోంది. అప్పటిదాకా డిటెక్టివ్ ఆనందం చేతిలో ఉన్నవి ఐదు గంటల ఇరవై నిమిషాలు, ఒక పాత మోటారు సైకిలు, ఇంకా రుజువు కాని ఒక అనుమానం.

పేరుకే ఆనందం. వయసు యాభై రెండు. జగిత్యాలలో పద్నాలుగేళ్లుగా ఆయన చేస్తున్న డిటెక్టివ్ పని అంతా, దుబాయి పెళ్లికొడుకులకు అక్కడ ఇంకో సంసారం ఉందా లేదా అని ఆరా తీయడమే. వీడియో గేముల రివ్యూ దొంగతనం అంటూ ఈ కేసు వచ్చినప్పుడు ముందు నవ్వాడు. మూడు రోజులు తిరిగాక ఆ నవ్వు పోయింది.

కేసు చిన్నదే. సిరిసిల్ల నేతకార్మికుడు ఎల్లేశం కూతురు ప్రవళిక, కోరుట్ల నుంచి సాయినాథ్ నడిపే ‘ఆటపట్టు’ వెబ్‌సైటుకు రెండేళ్లుగా గేముల రివ్యూలు రాస్తోంది. ఈ నెల ఏడున పంపిన ‘తొమ్మిదో ఇంక్లైన్’ రివ్యూను వేలమంది చదివారు. మూతపడ్డ బొగ్గుగనిలో దయ్యం వెంటపడే ఆట అది. ఆ రివ్యూ చూసే హైదరాబాదులో ఒక గేముల కంపెనీ ఆమెకు ఉద్యోగమిచ్చింది. సోమవారం చేరాలి. ఈలోగా కోరుట్లలోనే సొంత చానెల్, బ్లాగు నడుపుకునే జగదీశ్ లేచి ఆ రివ్యూ తనదన్నాడు. బ్లాగులో చూస్తే నిజంగానే అవే వాక్యాలున్నాయి, కామాలతో సహా. తారీఖు ఐదు. అంటే ఆమెకన్నా రెండు రోజులు ముందు. సాయినాథ్ విచారణ చేయించాడు. ఆ నివేదికను ప్రవళిక ఫోటోతో కలిపి ఈరోజు ఐదింటికి సైటులో పెడుతున్నాడు.

సిరిసిల్లలో ప్రవళిక ఇంటి గుమ్మంలోనే తల్లి కొమురవ్వ ఆనందాన్ని ఆపింది. గొంతు తగ్గించి చెప్పింది.

“మూడొద్దులాయె సార్, పిల్ల అన్నం ముడ్తలేదు. ఒక్కదాన్ని ఇడిసిపెడ్తలేం. నేను బీడీలు ఇచ్చి రానీకి పోతె వాళ్ల నాయిన కార్ఖానలకెళ్లి వచ్చి కూసుంటుండు. రాత్రి నేను దాని చెయ్యి పట్టుకొని పంటున్న.”

ఆనందం తల ఊపి లోపలికి నడిచాడు. ఇలాంటి మాటకు ధైర్యం చెప్పడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

గది పదడుగుల పొడవు ఉంటుంది. ఒక బల్ల, దానిమీద పాత ల్యాప్‌టాప్, రెండు చేతులతో పట్టుకుని ఆడే కంట్రోలర్. బల్లకు ఆనుకున్న గోడ అవతల కార్ఖానా. అందులో పన్నెండు సాంచాలు, అదే మరమగ్గాలు, ఒక్క క్షణం ఆగకుండా ఆడుతున్నాయి. బల్లమీద చెయ్యి పెడితే బల్ల కూడా అదురుతోంది. పక్కమనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గరికి వంగాలి.

ప్రవళిక మంచం పట్టెమీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి, ఏడుపు కూడా అయిపోయిన ముఖం.

“గేమ్ ఎప్పుడు ఆడినవ్ బిడ్డా?”

“మూడో తారీఖు నుంచి ఆరు దాక. పగటీలి. పదింటి నుంచి రెండింటి దాక.”

“రాసింది?”

“ఆరున రాత్రి. ఏడున పొద్దుగాల పంపిన.”

“వాళ్ల రిపోర్టుల ఒక మాట ఉన్నది. పద్నాలుగు వందల మాటలు ఒక్క దెబ్బకే వచ్చి పడ్డయట నీ ఫైలుల. టైప్ చేసిన జాడ లేదట.”

“ఫోన్ల రాసిన సార్. తెచ్చి దీంట్ల అతికించిన.”

“ఫోన్లది ఏమాయె?”

“తీసేసిన. జాగ లేక.”

ఆనందం ల్యాప్‌టాప్ పక్కన వెతికాడు. “చెవులకు పెట్టుకునేటియి లేవా?”

“వైరు తెగిపోయింది. రెండు నెలలాయె.”

 ఆనందం జేబులోంచి రివ్యూ కాగితం తీశాడు. అందులో అందరూ మెచ్చుకున్న వాక్యం కింద ఎర్ర గీత ఉంది: ‘వాడు వచ్చేటప్పుడు చప్పుడు ఉండదు. చేతిలో కంట్రోలర్ ఒక్కసారి వణుకుతుంది. ఆ వణుకే వాడి అడుగు.’

నిన్న మధ్యాహ్నం జగిత్యాలలో గేములాడించే ఒక దుకాణంలో పోరగాళ్ల మధ్య కూర్చుని ఆనందం ఆ ఆట ఆడాడు. గంటలో పద్నాలుగుసార్లు చచ్చాడు. కానీ చచ్చిన ప్రతిసారీ ముందుగా ఒకటి విన్నాడు. ఆ దయ్యం ఈల వేస్తూ వస్తుంది. దూరంగా ఉంటే సన్నగా, దగ్గరకొస్తే చెవులు పగిలేలా. మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఆ ఈలే ఆట. రివ్యూలో మాత్రం ఈల ఊసే లేదు.

“దయ్యం ఈల ఏస్తది గదా, గది ఎందుకు రాయలేదు?”

ప్రవళిక తలెత్తింది. “ఏ ఈల సార్?”

ఆనందం గోడవైపు చూశాడు. గోడ అవతలి మోత విన్నాడు. తన అనుమానానికి తనే జవాబు అందించేశాడు. “గీ సాంచాల చప్పుడుల నీకు ఇనపడలె. అంతేనా?”

ఆమె ఒక్క క్షణం ఆగి, “అవు సార్,” అంది. “గీ చప్పుడుల ఏం ఇనపడది.”

ఆ ఒక్క క్షణాన్ని ఆనందం పట్టించుకోలేదు. పద్నాలుగేళ్ల అనుభవం ఉన్నవాడు పట్టించుకోవలసింది. కానీ దారి దొరికిందన్న సంబరంలో ఉన్నాడు. కోరుట్లలో చల్లని గదిలో కూర్చునే జగదీశ్‌కు ఈల వినపడకుండా ఎలా పోతుంది? వినపడితే ఆ వాక్యం ఎలా రాస్తాడు? మోతలో కూర్చుని ఆడిన మనిషే ఆ వాక్యం రాయగలదు. దొంగ దొరికిపోయాడు.

బయటికొచ్చి క్లయింటుకు మెసేజ్ పెట్టాడు: ‘దారి దొరికింది. భయపడకు.’ క్లయింటు ఆగయ్య, ప్రవళిక మేనమామ. జగిత్యాలలో ఏదో కంప్యూటర్ సెంటర్‌కు రాత్రి కాపలా. కేసు అప్పగించింది కూడా మెసేజ్ మీదే. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాత్రంతా మేలుకునే మనిషి పగలు పడుకుంటాడు కదా అని ఆనందం మళ్లీ చేయలేదు.

వేములవాడ దగ్గర ముప్పావుగంట ఇరుక్కుని, కోరుట్ల చేరేసరికి రెండూ నలభై అయింది. మిగిలింది రెండు గంటల ఇరవై నిమిషాలు.

‘ఆటపట్టు’ ఆఫీసు మెట్లెక్కి తలుపు తీయగానే ఎదురుగా ప్రకాశ్. సాయినాథ్ ఆ నివేదిక రాయించుకున్న డిటెక్టివ్ ఇతనే. ఆనందం దగ్గరే ఆరేళ్లు పని నేర్చుకుని, కోరుట్లలో ఎదురు దుకాణం పెట్టినవాడు. చొక్కా మడత నలగదు, మాట తడబడదు.

“రాన్రి ఆనందన్నా. దుబాయి సంబంధాలు తక్కువైనట్లున్నయి, ఆటలల్లకు దిగిన్రు.”

“నువ్వు చేసిన రిపోర్టు చదివిన ప్రకాశ్. ఎనిమిది పేజీలు. గేమ్ ఆడినట్లు ఒక్క ముక్క లేదు.”

“దొంగను పట్టనీకి గొలుసు మెడల ఏసుకొని చూడాల్నా అన్నా?”

“నకిలీ గొలుసైతె చూడాలె.”

బల్ల అవతల సాయినాథ్, పక్కన కుర్చీలో జగదీశ్. సాయినాథ్‌కు నలభై ఏళ్లుంటాయి, నిద్రలేని ముఖం. మనిషి చెడ్డవాడైతే ఆనందానికి పని సులువయ్యేది.

“సార్, నాకు గా పిల్ల మీద పగ లేదు,” అన్నాడు సాయినాథ్. “నా సైటుల దొంగ సొమ్ము వచ్చింది. చదివినోళ్లకు నేను జవాబు చెప్పాలె. సప్పుడు చేయకుండ తీసేసి ఊకుంటె నేను గూడ దొంగనే గదా.”

“జవాబు సరిగ్గ చెప్పు అంటున్న,” అన్నాడు ఆనందం. జగదీశ్ వైపు తిరిగాడు. “తమ్మీ, గేమ్ ఆడినవా?”

“ఆడకుంట రివ్యూ రాస్తరా సార్?”

“ఎన్ని గంటలు?”

“పదకొండు.”

“చెవులకు పెట్టుకొనే ఆడినవా?”

“మంచియి ఉన్నయి నా దగ్గర. గవి పెట్టుకొనే.”

“దయ్యం వస్తున్నదని ఎట్ల తెలుస్తది?”

జగదీశ్ తడుముకోలేదు. “చేతిల కంట్రోలర్ వణుకుతది. నా రివ్యూలనే ఉన్నది.”

“చప్పుడు?”

“ఉండది. గదే గేమ్ గొప్పతనం.”

ఆనందం తన ఫోన్ బల్లమీద పెట్టాడు. నిన్న తాను ఆడుతుండగా తీయించుకున్న వీడియో నడిపించాడు. చీకటి సొరంగం. ముందు సన్నగా, తర్వాత గది నిండా ఈల. సాయినాథ్ కుర్చీలో ముందుకు జరిగాడు. జగదీశ్ ముఖంలో రక్తం లేదు.

“మొదటి నుంచి ఆఖరు దాక గిదే,” అన్నాడు ఆనందం. “మంచియి చెవులకు పెట్టుకొని పదకొండు గంటలు ఆడినోడు దీన్ని ఇడిసిపెట్టి చప్పుడు లేదని రాస్తడా? గీ తమ్ముడు గేమ్ ముట్టలేదు సాయినాథ్. ఒకలు రాసింది ఎత్తుకొచ్చిండు. గది రాసిన మనిషికి ఈల ఇనపడలె. గంతే.”

సాయినాథ్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. “నేను గూడ ఆడలె సార్,” అన్నాడు నెమ్మదిగా. “చదివి మురిసిపోయి పెట్టిన.”

“చదివినోళ్లకు గది గూడ చెప్పు.”

“చెప్త.”

ఆనందం లేవబోయాడు.  సిరిసిల్లకు ఫోన్ చేసి, బిడ్డా అన్నం తిను అని చెప్పాలనుకున్నాడు.

“ఒక్క నిమిషం అన్నా,” అన్నాడు ప్రకాశ్. “ఈల ఇనపడని మనిషి ప్రవళికనా?”

“వాళ్ల ఇంటి గోడకే కార్ఖాన. పన్నెండు సాంచాలు. నేను ఇయ్యాలనే నిలబడి వచ్చిన.”

“మీరు ఇయ్యాల పోయిన్రు. నేను పోయిన వారం పోయిన.” ప్రకాశ్ ఫైలు తెరిచాడు. గొంతులో ఎగతాళి కూడా లేదు, దానికే ఆనందానికి ఎక్కువ భయం వేసింది. “కరెంటు చార్జీల లొల్లిల, పోయిన నెల ఇరవై ఎనిమిది నుంచి గీ నెల తొమ్మిది దాక ఆ వాడకట్టు సాంచాలన్ని బంద్. సాంచాలు నడిపించే ఆసాముల సంతకాలతోని కాగితం ఉన్నది, చూడున్రి. గామె ఆడిన్నని చెప్పిన మూడు నుంచి ఆరు దాక గా ఇంట్ల సూది పడ్డా ఇనపడ్తది.”

కాగితం మీద తారీఖులు స్పష్టంగా ఉన్నాయి. ఆనందం వాటిని రెండుసార్లు చదివాడు. ‘ఏ ఈల సార్’ అన్న గొంతు, ఆ తర్వాత ఆగిన ఆ ఒక్క క్షణం ఇప్పుడు గుర్తొచ్చాయి. జవాబు ఆమె చెప్పలేదు. తనే నోట్లో పెట్టాడు, ఆమె మింగింది.

“అంటే ఇద్దరు ఆడలె,” అన్నాడు సాయినాథ్.

“ఆడలె. కాని జగదీశ్‌ది ఐదు, ఆమెది ఏడు. జగదీశ్ ఎవల దగ్గర ఎత్తుకొచ్చిండో నాకు తెల్వది. ఆమె మాత్రం జగదీశ్ దగ్గర ఎత్తుకున్నట్లే కాగితం చెప్తున్నది. వేరే కాగితం ఉంటె చూపియ్యమనున్రి.”

సాయినాథ్ గోడ గడియారం చూశాడు. మూడూ ముప్పై ఐదు. “ఐదు దాక ఆగుత సార్. వేరే ఏదన్న ఉంటె తెండ్రి. లేకుంటె పెట్టక తప్పది.”

ఆనందం మెట్లు దిగాడు. ఇరవై నిమిషాలు బండి పక్కనే నిలబడి రివ్యూ కాగితం మళ్లీ మళ్లీ చదివాడు. దొంగను పట్టబోయి క్లయింటు పిల్లనే పట్టుకున్నాడు, అదీ శత్రువు ఎదుట. బండి తాళం తీస్తుంటే వెనక అడుగుల చప్పుడు. జగదీశ్.

“సార్, గామెకు ఏమన్న అయితదా?”

“మూడొద్దులాయె అన్నం ముట్టక. తల్లి చెయ్యి పట్టుకొని పంటున్నది. ఐదు గొట్టినంక ఏమైతదో నాకు తెల్వది. అయినదాంట్ల నీ పేరు గూడ ఉంటది.”

జగదీశ్ చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. పైకి చూసి, గొంతు తగ్గించాడు.

“నేను ఆమె దగ్గర ఎత్తుకోలె సార్. ఆమె నా దగ్గర ఎత్తుకుందని గూడ అనుకోలె, నిజం చెప్పాలంటె. టెలిగ్రామ్‌ల చిన్న గ్రూపు ఒకటి ఉంటుండె. ఆరుగురం. ఒకాయన మంచిగ రాస్తడు. ‘చేతిచూపు’ అని పేరు పెట్టుకున్నడు, అసలు పేరు తెల్వది. రెండో తారీఖున పెట్టిండు గది. నేను తీసుకున్న. తీసుకున్నంక గ్రూపుల ఉండబుద్ధి గాలె, బయటికొచ్చిన.”

రెండో తారీఖు. ఐదుకు ముందు, ఏడుకు ముందు. ఇద్దరు దొంగలు ఒకే ఇంటికి కన్నం వేసి, సొమ్ము నాదంటే నాదని బజారులో కొట్టుకుంటున్నారన్నమాట.

“గదే పైన చెప్పు.”

“చెప్ప సార్. నా చానెల్ పోతది. మీరు గా పోస్టు తెచ్చి ముందట పెడితె కాదన, గంతే.”

“ఇప్పుడు నీకు కనపడదా?”

“కనపడది. లోపటున్నోళ్లకే. గ్రూపు నడిపేది గూడ ఆయననే. ఒకసారి నంబరు ఇచ్చిండు, ఇదిగో.”

ఆనందం అంకెలు ఒక్కొక్కటే తన ఫోన్‌లో నొక్కాడు. పదో అంకె పడగానే ఫోనే పేరు చూపించింది. ‘ఆగయ్య, జగిత్యాల, క్లయింట్.’

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఎవరెవరి పెళ్లికొడుకుల పుట్టుపూర్వోత్తరాలో తవ్వి తీసే మనిషి, తన క్లయింటు ఎవరని ఒక్కనాడు ఆరా తీయలేదు. రివ్యూలో లేని ఈల, ఆగయ్య ఎత్తని ఫోన్ ఒక్కసారే గుర్తొచ్చి, వెంటనే కొమురవ్వకు ఫోన్ కలిపాడు.

“అమ్మా, మీ తమ్మునికి చెవులు ఇనపడయా?”

“పదేండ్లాయె సార్,” అంది కొమురవ్వ. “ముప్పై ఏండ్లు సాంచాలు నడిపిండు. గా మోతల చెవులు ఖరాబైనయి. మీకు చెప్పలేదా?”

“పని చేసే సెంటర్ పేరేంది?”

“ఎరుకలేదు సార్. పాత బస్టాండ్ దిక్కు అంటడు. నేను ఎప్పుడు పోలె.”

ఫోన్ పెట్టేలోపే మెసేజ్ వచ్చింది. ఆగయ్య నుంచే. నాలుగూ పన్నెండు. ఆనందం నిలబడ్డచోటే చదివాడు.

‘సార్ మీరు మంచోళ్లు. మీకు అబద్ధం చెప్పి కేసు ఇచ్చిన. రాత్రిపూట సెంటర్ కంప్యూటర్లల గేములు ఆడి నేనే రాస్త. పిల్లకు పేరు రావాల్నని రెండేండ్ల నుంచి నేనే ఇస్తున్న. గా రివ్యూ రెండో తారీఖున నా గ్రూపుల పెట్టిన, అది తప్పయింది. ఎవలన్న చూస్తె పిల్ల దొరికిపోతది. అందుకే గ్రూపుల నేను రాసినయన్ని తీసేస్తున్న. నలభై మూడున్నయి. పాతయి మొదలు పెట్టి ఒక్కొక్కటి ఆఖరుసారి చదువుకుంట తీసేస్తున్న. ఇయ్యాల పగటీలే సెంటర్‌కు వచ్చిన, ఫోన్ పక్కకు పెట్టి కంప్యూటర్ ముందట కూసుంటున్న.’

జగదీశ్ ఆ గ్రూపులోంచే ఎత్తుకొచ్చాడని ఆగయ్యకు తెలియదు. మేనకోడల్ని కాపాడుతున్నాననుకుని, ఆమెకున్న ఒక్క ఆధారాన్ని తన చేత్తోనే తుడిచేస్తున్నాడు. అది పోతే ఐదో తారీఖే మొదటి తారీఖు. జగదీశే సొంతదారు.

‘ఆపు ఆగయ్యా. తీసేస్తే పిల్ల మునుగుతది’ అని పెట్టాడు. మెసేజ్ వెళ్లింది, చూసిన గుర్తు పడలేదు. ఫోన్ చేశాడు. రింగయింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. చెవులు లేని మనిషికి రింగు వినిపించదని తెలుసు, అయినా ఇంకోసారి చేశాడు. జగిత్యాలకు ముప్పావుగంట. పాత బస్టాండ్ చుట్టూ కంప్యూటర్ సెంటర్లు ఎన్నో దేవుడికెరుక.

అప్పుడు తట్టింది. గ్రూపులో ఆరుగురు. జగదీశ్ పోగా మిగిలినవాళ్లలో ఒక మనిషి ఉండి తీరాలి. ప్రవళికకు ఫోన్ కలిపాడు.

“బిడ్డా, నేను ఆనందం. మీ మామ గ్రూపుల నువ్వు ఉన్నవా?”

అటువైపు సాంచాల మోత. 

“ఉన్న సార్.”

“నాకు అంత తెలిసింది. తిడ్తలేను. రెండో తారీఖు పోస్టు ఉన్నదా చూడు. ఉంటె ఫోటో తీయి, తారీఖు పడాలె. జల్ది. మీ మామ తీసేస్తుండు.”

మోతలో ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఆనందం చెవిని ఫోన్‌కు అదుముకున్నాడు. ఒక నిమిషం గడిచింది.

“ఉన్నది సార్. తీసిన.”

ఆనందం కళ్లు మూసుకున్నాడు. ఇంకా దేవుడున్నాడు అనుకున్నాడు. “నాకు పంపు. జగదీశ్ దొంగని తేలుతది. నువ్వు వాని దగ్గర ఎత్తుకోలేదని తేలుతది. ఇక్కడ్నే మెట్ల కింద ఉన్న, రెండు నిమిషాలల్ల సాయినాథ్ ముందట పెడ్త.”

“పంపితె మామ రాసిండని తెలుస్తది గదా.”

“తెలుస్తది. తెలువాలె. ఆయన రాసిండు గదా బిడ్డా.”

“అన్ని ఆయనే రాసిండు సార్.” ఆమె ఏడవడం లేదు. గొంతు విచిత్రంగా స్థిమితంగా ఉంది. “రెండేండ్లు. ఒక్కటి గూడ నాది లేదు. ఇయ్యాల గీ ఒక్కటి దొంగతనం చేసిన్నంటె గీ ఒక్కటే పోతది. తతిమ్మయి నా పేరు మీద ఉంటయి. మామదని తెలిస్తె అన్ని పోతయి. నాకు ఏం మిగుల్తది సార్?”

“ఉద్యోగం పోతది ఎట్లయినా. కాని దొంగ ముద్ర తప్పుతది.”

“ఏ ముద్ర మంచిదో నాకే తెల్వాలె గదా.”

“మీ మామ సంగతి ఏంది? ముప్పై ఏండ్లు సాంచాలు నడిపి చెవులు పోగొట్టుకున్న మనిషి, కూసొని తన రాతలు తనే తుడుసుకుంటుండు నీ కోసం.”

 ఆనందం వాచీ చూశాడు. నాలుగూ ఇరవై ఆరు. పైన కిటికీలోంచి ప్రకాశ్ కిందికి చూస్తున్నాడు.

“గ్రూపుల ఆయన పోస్టులు ఇగ ఒక్కటి గూడ కనపడ్తలేవు సార్,” అంది ప్రవళిక. “ఇప్పుడే ఆఖరుది పోయింది. ఇగ నా ఫోన్ల ఉన్న ఫోటో ఒక్కటే.”

“దాన్ని జాగ్రత్త చేయి బిడ్డా. పంపకున్నా సరే, ఉండనీ. నేను వస్తున్న. నేను వచ్చేదాక ఏం చేయకు.”

“మీరు వచ్చేసరికి ఐదు దాటుతది.”

“దాటనీ. అమ్మకు ఫోన్ ఇయ్యి.”

“అమ్మ ఇంట్ల లేదు సార్,” అంది ఆమె. “బీడీలు ఇయ్యనీకి పోయింది. నాయినను గూడ నేనే కార్ఖానకు తోలిన, నాకు మంచిగనే ఉన్నదని చెప్పి.”

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. మూడు రోజులుగా ఒంటరిగా వదలని పిల్ల ఇప్పుడు ఇంట్లో ఒక్కతే. ఆనందం కొమురవ్వ నంబరు నొక్కుతూనే బండిని సిరిసిల్ల వైపు తిప్పాడు.